పిల్లికి ఏ తిండి మేలు: పెరుగన్నమా, డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా?

"అమ్మమ్మగారింట్లో పిల్లి పెరుగన్నం తినే ఏళ్ల తరబడి బతికింది, ఈ ప్యాకెట్లు ఎందుకు దండగ" అనేవాళ్లు చాలామందే ఉన్నారు. బతికే ఉంటుంది. కానీ ఆ పిల్లి రాత్రయ్యేసరికి గాదె దగ్గర ఎలుకల్ని పట్టేది. దాని అసలు భోజనం అదీ, పెరుగన్నం కాదు. మూడో అంతస్తు ఫ్లాట్లో తలుపులేసి పెంచే పిల్లికి ఎలుకలెక్కడివి? అందుకే ఏ తిండి పెట్టినా, ఎలుక ఇచ్చేవన్నీ అందులో ఉన్నాయా అని చూడాలి. మాంసకృత్తులు, నీరు, ముఖ్యంగా టారిన్ అనే పోషకం.

టారిన్ మన ఒంట్లో తయారవుతుంది. పిల్లి మాత్రం తనకు చాలినంత చేసుకోలేదు. అది మాంసంలోంచే రావాలి. చాలకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బుతుంది. ఇందులో గుండె సంగతిని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పశువైద్యుడు పాల్ పియన్ బృందం 1987లో బయటపెట్టింది. విచిత్రమేమిటంటే, అప్పుడు జబ్బుపడినవి కొన్న ఆహారం తింటున్న పిల్లులే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి.

పెరుగన్నంలో అది లేనట్టే లెక్క. పోనీ చికెన్ ఉడికించి పెడదామా? పెరుగన్నం కంటే చాలా మేలు. అయితే టారిన్ నీళ్లలో కరుగుతుంది, ఉడికించిన నీళ్లు పారబోస్తే అదీ పోతుంది. ఎముకల్లేని మాంసంలో కాల్షియం కూడా చాలదు. రోజూ లివర్ పెడితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. మన కూరలోంచి తీసిన ముక్క అసలే వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి. నా మటుకు ఇంటి చికెన్ రుచికోసమే, కడుపు నింపడానికి కాదు.

ఇక ప్యాకెట్లలో దొరికే డ్రై, వెట్. డ్రై అంటే ఎండు గింజలు, వెట్ అంటే మెత్తటి తడి తిండి. ఇక్కడ తేడా నీళ్లది. డ్రై ఫుడ్‌లో నీరు దాదాపు పది శాతం, వెట్ ఫుడ్‌లో డెబ్బై ఐదు శాతం పైనే, అంటే ఇంచుమించు ఎలుకలో ఉన్నంత. పిల్లి ఎడారి జంతువు సంతతి, దాహం వేసినా కుక్కలా గబగబా తాగదు. అందుకే మూత్రం చిక్కబడుతుంది. మగపిల్లులకు మూత్రనాళం సన్నం, అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. పిల్లి మాటిమాటికీ లిట్టర్‌లో (అది మలమూత్రాలకు వెళ్లే పెట్టెలో) కూర్చుని చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

డ్రై ఫుడ్ చవక, చెడిపోదు. మే నెలలో వెట్ ఫుడ్ గిన్నె అలా వదిలేస్తే కాసేపటికే వాసనొస్తుంది. ఇంట్లో మాంసం వండని శాకాహారులకూ వీలు. కానీ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచితే, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లి అయితే, లావెక్కుతుంది, షుగర్ రావచ్చు. గింజలు నమిలితే పళ్లు శుభ్రమవుతాయన్నది మాత్రం పెద్దగా నమ్మకండి.

డబ్బుకు ఇబ్బంది లేకపోతే నా ఓటు వెట్ ఫుడ్‌కే. లేదంటే డ్రై ఫుడ్ కొలిచి రెండు మూడు పూటలుగా పెట్టి, రోజుకో వెట్ ఫుడ్ పౌచ్‌లో నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి ఇవ్వండి. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి. కొనేముందు లేబుల్ మీద 'కంప్లీట్' (అంటే కావలసిన పోషకాలన్నీ ఉన్నది) అని ఉందో లేదో చూడాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉన్న ట్యూనా పౌచ్ ఎంత ఇష్టంగా తిన్నా అది చిరుతిండే.

మార్చేటప్పుడు వారం, పది రోజులు పాతదీ కొత్తదీ కలుపుతూ మార్చండి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మొండికేయకూడదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. ఇప్పటికే కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లికి ఈ లెక్కలేవీ వర్తించవు, దానికి డాక్టర్ చెప్పిన డైటే.