ఆకు ముద్రలు చూడడానికి ఫోల్డ్‌స్కోప్ ఏ మేరకు పనికొస్తుంది?

స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ రూపొందించి 2014లో వివరాలు ప్రచురించిన కాగితపు సూక్ష్మదర్శిని ఇది. మడతపెట్టి తయారు చేసుకోవాలి. కాగితం తడికి పాడవదు, నోటుపుస్తకంలో పెట్టుకుని చేలకీ చెరువులకీ తీసుకెళ్లొచ్చు. 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు తేడా పట్టిస్తుంది. ఆకు గాలి మార్పిడి చేసుకునే సన్నని పత్రరంధ్రాలకు ఇరువైపులా ఉండే రక్షక కణాలు చాలా మొక్కల్లో 20 మైక్రాన్లకు పైనే ఉంటాయి కాబట్టి, వాటిని లెక్కపెట్టడానికీ ఆకారం పోల్చడానికీ ఈ శక్తి చాలు. హరితరేణువు లోపలి నిర్మాణం మాత్రం ఆశించొద్దు.

అన్నిటికన్నా తేలిక, నెయిల్ పాలిష్ ముద్ర. ఆకు తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నడిఈనెకూ అంచుకూ మధ్య, 1 చదరపు సెంటీమీటరు మేర రంగులేని పాలిష్ ఒక్కటే పలుచని పూత వేయండి. 10–15 నిమిషాలు ఆగి, పారదర్శకమైన టేపు అదిమి, ఒక మూల నుంచి మెల్లగా లాగి కాగితపు స్లైడు రంధ్రం మీద అతికించండి. ఆకు మీద తడి ఉంటే పూత తెల్లగా మసకబారుతుంది. మందంగా వేస్తే గాలి బుడగలు చేరతాయి, కొత్తవాళ్లు వాటినే రంధ్రాలనుకుంటారు. బుడగ నల్లటి అంచుతో గుండ్రంగా ఉంటుంది, పత్రరంధ్రానికి రెండు వైపులా జంట కణాలు కనిపిస్తాయి. వరి ఆకులో అవి ముద్గరాకారంలో (డంబెల్‌లా), బొబ్బర ఆకులో చిక్కుడు గింజల్లా ఉంటాయి.

కలువ ఆకుకు పైభాగం ముద్ర తీయండి. నీటికి ఆనుకున్న అడుగున గాలి మార్పిడికి చోటు లేదు, అందుకే రంధ్రాలన్నీ పైనే. గన్నేరు ఆకు అడుగున తీస్తే రంధ్రమే కనిపించదు. పొరపాటు పద్ధతిది కాదు: రంధ్రాలు వెంట్రుకలు నిండిన గుంటల్లో దాగి ఉంటాయి, గుంటలోని తేమగాలి కదలదు కాబట్టి నీటి నష్టం తగ్గుతుంది. దీనికి కొత్త బ్లేడుతో అడ్డుకోత తీయాలి. ఆకు ముక్కను చీల్చిన క్యారెట్ మధ్య బిగించి, వీలైనంత పలుచగా కోసి, నీటి చుక్కలో గాజు స్లైడు మీద పెట్టండి. కోరింగ మడ అడవిలో పెరిగే తెల్లమడ ఆకు అడుగునా ఇదే చిక్కు, దట్టమైన నూగు ముద్రకు అడ్డొస్తుంది. పైభాగం మంచినీటితో కడిగి ఆరబెట్టి తీస్తే ఉప్పును బయటికి నెట్టే గ్రంథుల గుంటలు దొరకొచ్చు. కడగకముందు ఆ తెల్లని పొడి కాస్త స్లైడు మీద రాల్చుకుని చూడండి, ఘనాకార స్ఫటికాలు అందంగా ఉంటాయి.

లెక్కకు ముందు, ఫోల్డ్‌స్కోప్‌కు తగిలించిన ఫోన్‌తో మిల్లీమీటరు స్కేలును అదే జూమ్‌లో ఫొటో తీయాలి. ఫొటోలో పట్టేది 0.4 × 0.3 మి.మీ. అయితే వైశాల్యం 0.12 చదరపు మి.మీ.; అందులో 18 రంధ్రాలుంటే చదరపు మి.మీ.కు 150. ఒక్క ఫొటోతో తేల్చకుండా, ఆకుకు ఐదు చోట్లయినా లెక్కపెట్టి సగటు తీయండి.

ఇబ్బందులు లేకపోలేదు. ఫోకస్ బొటనవేళ్లతోనే, చెయ్యి కదిలితే బొమ్మ జారిపోతుంది. చిన్న గోళాకార కటకం కాబట్టి అంచులు మసకే, మధ్యభాగంలోనివే లెక్కపెట్టాలి. అయస్కాంతంతో ఫోన్‌కు తగిలించుకుంటే చాలావరకు కుదురుతుంది. వెలుతురు కోసం ఆకాశం వైపు తిప్పండి, సూర్యుడి వైపు ఎన్నడూ వద్దు.

రంధ్రం ఎంత తెరుచుకుందో కొలవడానికి మాత్రం ఈ ముద్రను నమ్మలేం. పాలిష్‌లోని ద్రావకం తగిలి రక్షక కణాల బిగువు మారిపోవచ్చు. నాగజెముడు రాత్రి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుందని చూపించాలంటే ఆమ్లత్వాన్ని రంగుతో చూపే పీహెచ్ కాగితమే నయం. పటకారుతో పట్టుకుని, సన్నముళ్లు గీకేసి, తెల్లవారుజామున ఒక ముక్క, సాయంత్రం ఇంకో ముక్క నూరి రసం పరీక్షించండి. పొద్దుటి రసం ఎక్కువ ఆమ్లంగా ఉంటుంది.