కొత్త బండి రన్నింగ్-ఇన్: 52 వేల కిలోమీటర్లు తిరిగాక రాస్తున్న సమీక్ష

ఈ సమీక్ష బండి గురించి సగమే. మిగతా సగం ఆ బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడిపానన్నదాని గురించి, అంటే రన్నింగ్-ఇన్ గురించి. కొత్తలో చేసిన పని మంచిదో చెడ్డదో అప్పుడే తెలియదు. మీటరు 50 వేలు దాటాక ఇంజన్ నూనె తాగుతోందా లేదా అన్నది చూస్తే తెలుస్తుంది. అందుకే ఇన్నాళ్లు ఆగాను.

మాది సామర్లకోట, ఉద్యోగం కాకినాడలో. రోజూ మాధవపట్నం, సర్పవరం జంక్షన్ మీదుగా భానుగుడి దాకా వెళ్లి రావాలి. రానూపోనూ ముప్పై కిలోమీటర్లు. 2020 దసరాకి హోండా షైన్ 125 తీసుకున్నాను. బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, ఐదు గేర్లతో వచ్చిన మోడల్. 124 సీసీ, 10.7 హార్స్‌పవర్ చిల్లర. ఇప్పుడు మీటరు మీద 52,300 చూపిస్తోంది. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు.

దీనికంటే ముందు నా దగ్గర ఇంకో బండి ఉండేది. 2008లో కొన్న 100 సీసీ. పేరెందుకులెండి, తప్పు బండిది కాదు, మాది. మా అని ఎందుకంటున్నానంటే అందులో సగం వాటా మా నాన్నది.

నాన్నకి చేతక్ స్కూటర్ ఉండేది. టూ స్ట్రోక్ కాలం మనిషి. బంకులో పెట్రోలు లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపించుకున్న రోజులవి. కొత్త బండి అనగానే ఆయనకి కొన్ని నియమాలున్నాయి. నలభై దాటకూడదు. వెనక ఎవరినీ ఎక్కించకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, తెచ్చిన రోజు రాత్రి సెంటర్ స్టాండ్ వేసి, పెట్రోలు ఉన్నంతసేపూ ఐడిల్‌లో వదిలెయ్యాలి. "ఇంజన్ సర్దుకుంటుందిరా" అనేవారు. 2008లో మా వాకిట్లో ఆ బండి రాత్రి పన్నెండు దాకా టుక్కుటుక్కుమంటూనే ఉంది. పక్కింటి మామ్మగారు లేచొచ్చి ఎవరికైనా బాగోలేదా అని అడిగారు. తరవాత రెండు వేల కిలోమీటర్లూ నేను నలభై దాటలేదు. నాలుగో గేరులో నలభై, ఎప్పుడూ అదే నలభై. సైకిళ్ళు తప్ప అన్నీ నన్ను దాటుకుపోయేవి. బండిని ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

ఇరవై వేలు దాటాక పొద్దున్న స్టార్ట్ చేస్తే సైలెన్సర్ లోంచి నీలం పొగ మొదలైంది. రెండు సర్వీసుల మధ్య ఆయిల్ సగానికి సగం మాయమయ్యేది. కింద ఎక్కడా లీకు లేదు. చివరికి మా మేస్త్రి బోరు, అంటే సిలిండర్, విప్పి నా చేతిలో పెట్టాడు.

"చూడండి, అందులో మొహం చూసుకోవచ్చు."

నిజంగానే లోపలి గోడ అద్దంలా మెరుస్తోంది. అంత నున్నగా ఉంటే మంచిదే కదా అన్నాను. ఆయన నవ్వి, "తిరగలికి కక్కు ఎందుకు కొట్టిస్తారండీ మరి?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది.

తిరగలి రాయి నున్నబడిపోతే పప్పు విరగదు, జారిపోతుంది. అందుకే కక్కు కొట్టించి మళ్లీ గరుకు చెయ్యాలి. కొత్త సిలిండర్ లోపలి గోడ మీద కూడా కంపెనీవాళ్లు కావాలనే అలాంటి పనే చేస్తారు. కంటికి కనీకనపడని సన్నటి అడ్డగీతలు, ఒకదాన్నొకటి ఐమూలగా కోసుకుంటూ పోయే గీతలు గీస్తారు. దాన్ని హోనింగ్ అంటారు. ఆ గీతలకు రెండు పనులు. ఒకటి, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల అంచుల్ని ఆకురాయిలా కొంచెం అరగదీసి ఆ గోడకు సరిగ్గా అతికేలా చెయ్యడం. రెండోది, తమ సందుల్లో కాస్త ఆయిల్ పట్టి ఉంచడం. రింగు అతికితే మండిన వాయువు కిందికి దిగదు, కింది ఆయిల్ పైకి ఎక్కదు. రన్నింగ్-ఇన్ అంటే ముఖ్యంగా ఇదే. గేర్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు కూడా సర్దుకుంటాయి గానీ వాటికి ఇంత పట్టింపు లేదు.

ఇక్కడే నాన్న లెక్క తప్పింది. రింగుని గోడకేసి నొక్కేది దాని సొంత స్ప్రింగు బలం ఒక్కటే కాదు. పైన పెట్రోలు మండినప్పుడు వచ్చే వాయువు రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి తోస్తుంది. ఐడిల్‌లో యాక్సిలరేటర్ మూసే ఉంటుంది కాబట్టి ఆ తోపు దాదాపు ఉండదు. రింగు ఊరికే పైకీ కిందికీ తిరుగుతుంటుంది, పని జరగదు. ఈలోగా గోడ మీది ఆయిల్ కాలి, లక్కలా గట్టిపడి ఆ సన్నటి గీతల్ని పూడ్చేస్తుంది. ఒకసారి పూడాక ఆ తరవాత ఎంత నడిపినా రింగు అతకదు. మళ్లీ హోనింగ్ చేసి కొత్త రింగులు వెయ్యాల్సిందే. నాకు అదే అయింది.

అయితే నా పాత బండి పాడవడానికి ఆ ఒక్క రాత్రే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. ఆ రోజుల్లో ఆయిల్ మార్చడంలో కూడా నేను బద్ధకస్తుణ్ణే. రెండూ కలిసి ఉంటాయి.

సరే, షైన్ సంగతి. ఈసారి మొదట చేసిన పని బండితో ఇచ్చిన పుస్తకం చదవడం. నలభై దాటొద్దు, యాభై దాటొద్దు అన్న అంకె ఉంటుందనుకున్నాను, లేదు. మొదటి 500 కిలోమీటర్లు యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తిప్పొద్దు, గట్టిగా బ్రేకు కొట్టొద్దు, గబగబా గేర్లు దించొద్దు, నిదానంగా నడపండి. అంతే. వేగం అంకె చెప్పకపోవడమే సబబని తరవాత అనిపించింది. ఐదో గేరులో నలభై వేరు, మూడో గేరులో నలభై వేరు. ఐదో గేరులో ముప్పైకి దింపి అక్కణ్ణించి యాక్సిలరేటర్ తిప్పితే బండి దడదడలాడుతుంది. మెల్లగా పోతున్నామని మనం అనుకుంటాం గానీ లోపల కనెక్టింగ్ రాడ్ మీద, బేరింగ్ మీద పడే బరువు తక్కువేం కాదు. ఈ బండికి ఆర్పీఎం మీటర్ లేదు కాబట్టి నాకు చెవే మీటరు.

ఇంకోవైపు, షోరూం బయటే బండిని చితక్కొట్టాలి, ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వాలి అనే మతం ఒకటుంది. మా ఆఫీసు కుర్రాడు ఒకడు ఆ మతంలో చేరమని తెగ పోరు పెట్టాడు. రింగు మీద ఒత్తిడి పడాలన్నంతవరకు వాళ్లు చెప్పేది నిజమే. కానీ గరుకు మీద గరుకు రాసుకుంటున్న రోజుల్లో వేడి మామూలుకంటే ఎక్కువ పుడుతుంది. ఆ వేడిలో ఆయిల్ పొర తెగితే లోహం మీద లోహం గీసుకుపోతుంది. రేసు ఇంజన్ విప్పి చూసుకోవడానికి మెకానిక్ పక్కనే ఉంటాడు. నాకు ఈఎమ్ఐ ఉంది.

నేను చేసింది మధ్యదారి. పొద్దున్న స్టార్ట్ చేసి, హెల్మెట్ పెట్టుకునేంతసేపు ఆగి, బయల్దేరేవాణ్ణి. నిలబెట్టి రైజ్ చెయ్యడం లేదు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మది. ఇంజన్ వేడెక్కాక మూడో గేరులో ఇరవై ఐదు నుంచి నలభై దాకా సగం యాక్సిలరేటర్‌తో లాగించడం, వదిలేసి గేరులోనే బండిని తనంతట తాను తగ్గనివ్వడం, మళ్లీ లాగించడం. లాగించినప్పుడు రింగుకి ఒత్తిడి, వదిలినప్పుడు కాస్త చల్లబడే వెసులుబాటు. వెనకొచ్చే ఆటోవాళ్లు మాత్రం నన్ను తిట్టుకునే ఉంటారు. మూడొందల కిలోమీటర్ల దాకా వేగం యాభై, ఐదొందల దాకా యాభై ఐదు, వెయ్యి దాకా అప్పుడప్పుడు అరవై ఐదు. ఒకే వేగంలో ఐదు నిమిషాలు దాటి ఎప్పుడూ నడపలేదు. ఆ అక్టోబరు 13న కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటి రోడ్లన్నీ గుంతలు చేసిపెట్టింది కాబట్టి, ఒకే వేగంలో పోదామన్నా కుదరలేదు. రన్నింగ్-ఇన్‌కి అంతకంటే మంచి రోడ్డు లేదు.

అసలు చిక్కు లోవతో వచ్చింది. మా వైపు కొత్త బండి కొంటే తుని దగ్గర లోవ తలుపులమ్మ తల్లి దగ్గరికి తీసుకెళ్లి పూజ చేయించాలి. లారీ అయినా స్కూటీ అయినా అంతే. మాకు రానూపోనూ 120 కిలోమీటర్లు, అందులో చాలా భాగం హైవే. మీటరు మీద అప్పటికి 90. కొత్త ఇంజన్‌కి అస్సలు పనికిరానిది నాలుగు వరసల రోడ్డు మీద ఒకే గేరులో, ఒకే యాక్సిలరేటర్‌తో గంటసేపు పోవడం. పైగా నాన్న వెనక కూర్చుంటానన్నారు. వెనక ఎవరినీ ఎక్కించకూడదన్న నియమం తనకి వర్తించదట.

వాయిదా వేద్దామంటే ఇంట్లో ఒప్పుకోరు. కాబట్టి కత్తిపూడిలో ఒక టీ, అన్నవరంలో ప్రసాదం, తునిలో మళ్లీ టీ. ఆగిన ప్రతిచోటా పావుగంట ఇంజన్ చల్లారనిచ్చాను. మధ్యలో వేగం నలభై నుంచి యాభైకి, మళ్లీ నలభైకి మారుస్తూనే ఉన్నాను. "ఏరా, నీకేమైనా కంగారుగా ఉందా, ఒక పద్ధతిగా పోనివ్వలేవా?" అని నాన్న భుజం మీద తట్టారు. రత్నగిరి కొండెక్కేటప్పుడు రెండో గేరులో బండి మీద మంచి బరువు పడింది. ఆ ఎక్కుడు బండికి మంచే చేసిందని నా నమ్మకం. లోవలో చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, కుంకుమ హెడ్‌లైట్ నిండా అయింది, అది కడుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇంకో సంగతి. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు జాగ్రత్త పడాల్సింది ఇంజన్ కోసం కాదు, టైర్ల కోసం. అచ్చులోంచి తీసిన కొత్త టైరు పైన నున్నటి పొర ఉంటుంది. తడిరోడ్డు మీద మలుపులో నాకు వెనక చక్రం జానెడు పక్కకి పోయింది. పడలేదు, అంతే. డ్రమ్ బ్రేకు షూలు కూడా సర్దుకునే దాకా అంత గట్టిగా పట్టవు. జనం ఇంజన్ గురించి రాత్రంతా వాదించుకుంటారు గానీ దీని మాట ఎవరూ ఎత్తరు.

మొదటి సర్వీసు 750 నుంచి 1000 కిలోమీటర్ల లోపు చేయించాలి. నేను 780కే చేయించాను. ఉచిత సర్వీసంటే కూలీ ఉచితం, ఆయిల్ డబ్బులు మనవే. అయినా ఈ ఒక్క ఆయిల్ మార్పు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. తీసిన ఆయిల్‌ని ట్రేలో ఎండకి పెట్టి చూశాను. అభ్రకం పొడి కలిపినట్టు తళతళలాడింది. భయపడాల్సిందేం లేదు, అరగాల్సినవి అరిగాయనడానికి గుర్తు. అది లోపలే తిరుగుతూ ఉంటేనే నష్టం. తరవాత 3,500కి తీసిన ఆయిల్‌లో ఆ మెరుపు లేదు, నల్లగా ఉంది, అంతే.

ఆయిల్ రకం మీద కూడా సలహాలొచ్చాయి. ఖరీదైన సింథటిక్ పొయ్యమన్నారు. పుస్తకంలో రాసిన 10డబ్ల్యూ-30 గ్రేడే పోయించాను. డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బండ్లకు పనికొస్తుందనే గుర్తు, ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది.

ఇప్పుడు ఫలితాలు. మొదటి ట్యాంకు లీటరుకి 49 ఇచ్చింది. మొహం వేలాడేశాను. రెండు వేలు దాటాక 56, మూడు వేల దగ్గర 59కి వచ్చి నిలబడింది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి కొలిచిన లెక్క ఇది. అందులో ఇంజన్ వాటా ఎంతో, చైను, టైర్లు, నా చెయ్యి కుదురుకోవడం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఐదేళ్ళలో రెండుసార్లు ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, సరిచేయించాను. చైన్ సెట్ 27 వేలకి మార్చాను. అది ఇంకొంచెం వచ్చేదే గానీ, మధ్యలో ఒక కుర్రాడు చైను వీణ తీగలా బిగదీసి పంపితే వారం రోజులు గమనించలేదు. బ్యాటరీ నాలుగో ఏడు పోయింది. క్లచ్ ప్లేట్లు ఇప్పటికీ పాతవే. అసలు విషయానికొస్తే, మూడు వేలకోసారి ఆయిల్ మార్చేటప్పుడు పుల్ల ముంచి చూస్తే మట్టం పై గీతకి కాస్త కిందే ఉంటుంది. మధ్యలో ఒక్కసారి కూడా పోసిన పాపాన పోలేదు. పొద్దున్న పొగ లేదు.

రెండు బండ్లతో సిద్ధాంతం నిలబడదని నాకూ తెలుసు. 2008 నాటికీ 2020కీ యంత్రాల మీద చేసే పనిలోనే నాణ్యత పెరిగింది. ఇప్పటి బండి కొంచెం మొరటుగా వాడినా తట్టుకుంటుందేమో. అయినా ఇంకో బండి కొంటే మళ్లీ ఇలాగే నడుపుతాను. ఇందులో ఖర్చంటూ ఉన్నది ముందుగా మార్చిన ఆయిల్ ఒక్కటే.

పోయిన నెల మా చెల్లెలి కూతురు స్కూటర్ కొంది. గేర్లు లేవు కదా మావయ్యా, నేనేం చెయ్యాలి అని ఫోను. గేరు నీ చేతిలో లేకపోయినా యాక్సిలరేటర్ నీ చేతిలోనే ఉంది, ఒకేచోట పట్టుకుని ఉండకు, తీస్తూ ఇస్తూ ఉండు అన్నాను. దానికి ఆయిల్ మాత్రం జాసో ఎంబీ, అంటే గేర్లు లేని స్కూటర్ల రకం, నా డబ్బా మిగిలిందని అది పొయ్యొద్దని రెండుసార్లు చెప్పాను. తెచ్చిన రోజు రాత్రి వాళ్లింటికి వెళ్లేసరికి నాన్న అప్పటికే వాకిట్లో సెంటర్ స్టాండ్ వేసి, తాళంచెవి ఏదని అడుగుతున్నారు. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. ఇప్పుడు దాని మీటరు 340. ఆదివారం లోవ ప్రయాణం. వెనక సీటు ఎవరిదో చెప్పక్కర్లేదు.