వైజాగ్ మధురవాడ వైపు రీసేల్ ఫ్లాట్ చూస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి

ఇది నిన్న సాయంత్రం జరిగింది. కోపం తగ్గాక రాద్దామని మా ఆయన అన్నారు గానీ, ఆ ఫ్లాట్ ఫోటోలు ఈ ఉదయమే కొత్త రేటుతో మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఇంకొకళ్లు అడ్వాన్స్ ఇచ్చేలోపే చెప్పాలని ఇప్పుడే రాస్తున్నాను.

రెండో అంతస్తు, తూర్పు ముఖం, రెండు బెడ్‌రూములు, కార్ పార్కింగ్, హైవేకి దగ్గర. ఆ వైపు ఈ ఏడాది ఇల్లు వెతికినవాళ్లకి ఓనర్ ఎవరో, మీడియేటర్ ఎవరో చెప్పక్కర్లేదు. పేర్లు రాయను, లాయర్ గారు వద్దన్నారు.

జూన్ మొదట్లో 58 లక్షలకి మాట్లాడుకున్నాం. 5 లక్షలు అడ్వాన్స్, స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్, 90 రోజుల గడువు. మా అమ్మ ఇచ్చిన అనకాపల్లి స్థలం అమ్మి మా వాటా డబ్బు సర్దుకున్నాం, మిగతాది బ్యాంకు లోను. మా బ్యాంకు పని చకచకా అయిపోయింది. ఆస్తి మీద ఏ లావాదేవీలు ఉన్నాయో చూపించే ఈసీ తీశారు, పాత ఓనర్ల నుంచి చేతులు మారిన లింక్ డాక్యుమెంట్లు చూశారు, లీగల్ ఒపీనియన్ వచ్చింది, వాల్యుయేషన్‌కి మనిషి వచ్చి కొలతలు తీసుకెళ్లాడు, జూన్ ఆఖరికల్లా శాంక్షన్ లెటర్ చేతికొచ్చింది. 50 లక్షలు దాటిన ఆస్తి కాబట్టి అమ్మేవాళ్ల పన్ను కింద ఒక శాతం టీడీఎస్ మనమే కోసి కట్టాలి, దానికి ఓనర్ పాన్ నంబర్ కూడా తీసుకుని పెట్టుకున్నాం.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఫ్లాట్ మీద ఓనర్‌కి వేరే బ్యాంకులో లోను ఉంది. ఎంత బాకీ ఉందో, ఏ ఖాతాలో కట్టాలో, తమ దగ్గర ఏ ఒరిజినల్ డాక్యుమెంట్లు ఉన్నాయో ఆ బ్యాంకు ఒక లెటర్ ఇవ్వాలి. అది ఉంటేనే మన బ్యాంకు ఆ బాకీ మేరకు వాళ్ల పేరున చెక్కు రాస్తుంది. ఆ లెటర్ మనం అడిగితే ఇవ్వరు. లోను తీసుకున్న మనిషే వెళ్లి అడగాలి. అంటే ఆ 90 రోజుల్లో మా చేతిలో ఉన్న పని మొదటి నెలలోనే ముగిసింది, మిగతాదంతా ఆయన చేతిలో ఉంది.

అక్కడినుంచి మొదలైంది. "ఆషాఢం వచ్చేసింది కదమ్మా, ఈ నెలలో ఇంటి పని ముట్టుకోవద్దని మా ఆవిడ అంటోంది, శ్రావణంలో మంచి రోజు చూసుకుందాం" అన్నాడు. మాకూ ఆ పట్టింపు ఉంది, సరే అన్నాం. శ్రావణంలో బ్యాంకు మేనేజర్ సెలవు. తర్వాత డాక్యుమెంట్లు వేరే ఊళ్లో ఉన్నాయట, బ్యాంకులు ఏడాది దాకా తిప్పుతాయట. ఇది శుద్ధ అబద్ధం. లోను పూర్తిగా తీరాక 30 రోజుల్లోపు ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలనీ రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది, 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆ మాట చెబితే "మీకు అన్నీ తెలుసమ్మా" అని నవ్వాడు. తర్వాత పితృపక్షాలు అన్నాడు.

ఆ మధ్యలోనే గడువు దాటింది. దాటబోతోందని నేనే ఫోన్ చేసి చెప్పాను. అగ్రిమెంట్ వెనకాల రెండు లైన్లు రాసి గడువు పెంచుకుందాం, ఇద్దరం సంతకాలు పెడదాం అన్నాను. ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎందుకమ్మా, కాగితం మనుషుల కోసమా, మనుషులు కాగితం కోసమా? నా మాటే మాట. కంగారు పడకండి." ఇదే అర్థం వచ్చేలా వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టాడు. వయసులో పెద్దాయన, మా నాన్నగారి ఈడు. అలాంటి మనిషి మాట నమ్మడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ నమ్మకాన్ని వాడుకున్న మనిషిదే తప్పు.

దసరా వెళ్లాక లెటర్ ఇచ్చాడు. రిజిస్ట్రేషన్‌కి స్లాట్ బుక్ చేశాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం, 58 లక్షల మీద 4 లక్షల 35 వేలు చలానా కట్టేశాం. బ్యాంకులో చెక్కులు సిద్ధమవుతున్నాయి. మేముంటున్న అద్దె ఇంటికి నెలాఖరుకి ఖాళీ చేస్తామని చెప్పేశాం, ఆ ఓనర్ టు లెట్ బోర్డు కూడా పెట్టేశారు.

ఈలోగా అక్టోబర్ 14న గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం మీద ఢిల్లీలో సంతకాలు అయ్యాయి. ఊరంతా అదే మాట. మేమూ సంతోషపడ్డాం, మన వైజాగ్‌కి ఇంత పెద్దది వస్తోందని. మా ఫ్లాట్‌కి అది ముప్పు తెస్తుందని ఎలా ఊహిస్తాం?

స్లాట్‌కి ముందు రోజు, అంటే నిన్న, ఓసారి రమ్మన్నాడు. ఆఖరి లెక్కలు చూసుకోవడానికేమో అనుకుని స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్లాం. మీడియేటర్ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. టీ ఇచ్చారు. టీ తాగడం అయ్యాక ఆయన కళ్లజోడు పెట్టుకుని, అగ్రిమెంట్ తీసి టీపాయ్ మీద పరిచి, 90 రోజులు అన్న లైను మీద వేలు పెట్టి గట్టిగా చదివాడు. స్కూల్లో పిల్లలకి చదివినట్టు.

"ఇది అయిపోయి నెల దాటింది. ఇప్పుడు మన మధ్య ఏమీ లేదు. మార్కెట్ మారిపోయింది. 65 ఇస్తే రేపే సంతకం పెడతాను. లేదంటే మీ అడ్వాన్స్ మీరు పట్టుకెళ్లండి. యాభై వేలు మాత్రం కోసుకుంటాను, ఇన్నాళ్లు నా ఫ్లాట్ ఆగిపోయింది కదా."

మా ఆయన చాలా నెమ్మదైన మనిషి. "అదేంటండీ, ఆషాఢం అన్నది మీరే కదా, పితృపక్షాలు అన్నదీ మీరే కదా" అన్నారు.

దానికి ఆయన సమాధానం ఇది. "నేనంటే మీరెందుకు ఒప్పుకున్నారు? కొనేవాడికి తొందర ఉండాలి."

ఆ ఒక్క మాట దగ్గర రాత్రంతా నాకు నిద్ర లేదు. ఏడు లక్షలు అడిగినందుకు కాదు. ఆయన నమ్మకాలని గౌరవించి ఆగాం. ఆగినందుకే మమ్మల్ని దోషుల్ని చేశాడు. ఆలస్యం చేసిందీ ఆయనే, ఆ ఆలస్యాన్ని చూపించి ఒప్పందం చెల్లదన్నదీ ఆయనే. నేను వాట్సాప్ మెసేజ్ చూపించబోతే, "అమ్మా, లక్షల వ్యవహారం మాట్లాడుతున్నాం, మీరు కాస్త ఆగండి" అన్నాడు. ఆ లక్షలు మా అమ్మ స్థలం అమ్మిన లక్షలు. నన్నే ఆగమన్నాడు.

మీడియేటర్ అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆఖర్న నోరు విప్పి, "అక్కా, మార్కెట్ అలా ఉంది, మధ్యలో ఒక అంకె చూసుకుందాం" అన్నాడు. మా దగ్గర సగం కమీషన్ తీసుకున్న మనిషి. కిందకి దిగాక వాచ్‌మన్ చెప్పాడు, దసరా సెలవుల్లోనే వేరే వాళ్లకి ఫ్లాట్ చూపించారట, తీసుకొచ్చింది ఈ మీడియేటరేనట.

ఏడు లక్షలు పెంచితే ఏడు లక్షలతో పోదు. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఇంకో 52,500. అగ్రిమెంట్ మళ్లీ రాయాలి, లోను మళ్లీ శాంక్షన్ చేయించుకోవాలి. కట్టిన చలానా సంగతి వేరే తలనొప్పి. స్థలం అమ్మిన లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే అమ్మిన రెండేళ్లలోపు ఇల్లు కొనాలి, ఆ లెక్కా నడుస్తూనే ఉంది.

ఈ ఉదయం లాయర్ గారిని కలిశాం. గడువు తేదీ దాటినంత మాత్రాన ఇల్లూ స్థలాల ఒప్పందం దానంతట అదే పోదని, మామూలుగా అలాంటి వాటిలో గడువుని ప్రాణంగా చూడరని, అయితే అగ్రిమెంట్‌లో రాసుకున్న మాటల్ని బట్టి అది మారుతుందని 1992లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందట. మేము డబ్బుతో సిద్ధంగా ఉన్నామని రుజువు చూపించాలి. శాంక్షన్ లెటర్, చలానా, స్లాట్ రసీదు, ఆయన మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి. కేసు వేయడానికి మూడేళ్ల సమయం ఉంటుంది. అయితే కోర్టు అంటే ఎన్నాళ్లు పడుతుందో అందరికీ తెలుసు, అది తెలిసే ఆయన అంత ధైర్యంగా మాట్లాడాడు. రేపు లీగల్ నోటీసు వెళ్తోంది. 65కి మాత్రం ఒప్పుకోవడం లేదు.

మీరు కొనేటప్పుడు అమ్మేవాళ్లకి లోను ఉంటే, గడువు అగ్రిమెంట్ తేదీ నుంచి కాకుండా వాళ్ల బ్యాంకు లెటర్ మీ చేతికి ఇచ్చిన రోజు నుంచి మొదలయ్యేలా రాయించుకోండి. వాళ్ల వల్ల ఎన్ని రోజులు ఆగితే గడువు అన్ని రోజులు పెరుగుతుందని ఒక లైను పెట్టించండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించండి, ఖర్చని వెనకాడొద్దు. పండగైనా మూఢమైనా ఏ కారణంతో వాయిదా అడిగినా ఆ రోజే కాగితం మీద సంతకం తీసుకోండి, పెద్దవాళ్లయినా సరే.

ఆ ఫ్లాట్ చూడటానికి మిమ్మల్ని ఎవరైనా రమ్మంటే అడ్వాన్స్ ఇవ్వకముందు నాకు చెప్పండి. మా అగ్రిమెంట్, ఆయన పెట్టిన మెసేజ్‌లు చూపిస్తాను. కేసు పడబోయే ఆస్తి అది, తెలియక మీ డబ్బు కూడా అందులో ఇరుక్కోకూడదు.