పెట్టె మీద మాత్రం ‘అన్ని ఫ్లాపీలకూ’ అని ఉంది

హన్మకొండలో ఒక విడిభాగాల దుకాణంలో 1,450 రూపాయలకు, పాత ఫ్లాపీ డిస్కులు చదివే యూఎస్‌బీ డ్రైవ్ కొన్నాను. కంపెనీ పేరు ఎక్కడా లేదు. 1992 నుంచి పదిహేనేళ్లు ఇక్కడే డీటీపీ సెంటర్ నడిపాను. అటక మీద స్వీట్ల డబ్బాలో 58 ఫ్లాపీలు మిగిలాయి: పెళ్లికార్డులు, కరపత్రాలు, కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు.

మూడున్నర అంగుళాల 1.44 ఎంబీ డిస్కుల వరకు వంక పెట్టలేను. 33లో 27 చక్కగా తెరుచుకున్నాయి. లోపలి తెలుగు పిచ్చిగీతల్లా కనిపించింది గానీ ఆ తప్పు యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాల పద్ధతికి) ముందునాటి ఫాంట్లది.

తెరుచుకోని ఆరింటిలో నాలుగు నా పాపమే. అవి అసలు 720 కేబీ డిస్కులు, అప్పట్లో చౌక. 1.44కు మూలన అదనంగా ఒక రంధ్రం ఉంటుంది, దాన్ని బట్టే డ్రైవ్ రకం పోల్చుకుంటుంది. మేం సోల్డరింగ్ కడ్డీ కాల్చి చౌక డిస్కుకే రంధ్రం పెట్టి, రెట్టింపు సరుకు ఎక్కించేవాళ్లం. దాని అయస్కాంత పూత అంత సాంద్రతకు పనికిరాదు. అప్పట్లో నెట్టుకొచ్చింది, ఇప్పుడు చేతులెత్తేసింది.

ఈ 33 కాక మరో ఐదు, హైదరాబాద్ ఆర్టిస్టు పంపిన ఆపిల్ మెకింతోష్ కంప్యూటర్ 800 కేబీ డిస్కులు. చూడటానికి అచ్చం ఇలాంటివే. కానీ ఆ పాత ఆపిల్ డ్రైవ్ బయటి ట్రాకుల (డేటా రాసే గుండ్రటి చుట్ల) దగ్గర నెమ్మదిగా, లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తిప్పుతుంది. పెద్ద చుట్టులో ఎక్కువ సెక్టార్లు (డేటా ముక్కలు) పట్టించే తెలివి అది. నా డ్రైవ్‌కు తెలిసింది నిమిషానికి 300 చుట్లే. అందుకే విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకండి. డిస్కు పెట్టేముందే మరో మూలనున్న చిన్న బిళ్లను జరిపి రంధ్రం తెరవండి, ఇక దాని మీద రాయడం కుదరదు. ఐదుంపావు అంగుళాల వాటికి ఇది తలకిందులు: అంచున ఉన్న గంటును స్టిక్కర్‌తో మూస్తేనే రక్షణ.

ఆ పెద్దవి 20 ఉన్నాయి. పెట్టె మీద వాటి బొమ్మ కూడా వేశారు, డ్రైవ్ నోరు మాత్రం వాటికి చాలదు! అడిగితే కొట్టతను ‘ఫ్లాపీ అంటే ఫ్లాపీయే కదా సార్’ అన్నాడు. కాదు బాబూ. పెద్దవాటిలోనే 360 కేబీ, 1.2 ఎంబీ అని రెండు రకాలు. 360 డిస్కు మీద 40 ట్రాకులు, 1.2 డ్రైవ్‌కు 80, కాబట్టి దాని హెడ్ (చదివి, రాసే భాగం) సన్నం. ఒకసారి వాడిన నా 360 డిస్కు మీదే తెలిసినవాళ్ల 1.2 డ్రైవ్‌లో ఒక శుభలేఖ ఎక్కించి తెచ్చాను. సన్నటి కొత్త రాతకు అటూ ఇటూ పాత రాత మిగిలిపోయి, సెంటర్‌లోని 360 డ్రైవ్ రెండూ కలిపి చదవబోయి తికమకపడింది. కారణం తెలియక మూడు రోజులు డిస్కును తిట్టాను. శుభలేఖ మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది.

ఈ డ్రైవ్‌కు నా మార్కులు ఐదుకు మూడు. మీ దగ్గరున్నవి 1.44వే అయితే నిశ్చింతగా కొనండి. నా 20 మళ్లీ స్వీట్ల డబ్బాలోకి వెళ్లాయి. వరంగల్‌లో ఎవరి అటక మీదైనా పాత 1.2 ఎంబీ డ్రైవ్ ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను.