నెల్లూరులో పాట వినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నెల్లూరు వెళ్తున్నానని చెబితే అందరూ చేపల పులుసు గురించే చెప్పారు. పాట ఎక్కడ వినొచ్చని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సరైన సమాధానం లేదు. ఫోన్‌లో వెతికితే హైవే వైపు లైవ్ మ్యూజిక్ ఉందంటూ ఒక రెస్టారెంట్ కనిపించింది. మొదటి రాత్రి అక్కడికే వెళ్లాను. పాడిన కుర్రాడి గొంతు బాగుంది, శ్రుతి తప్పలేదు. కానీ వేదిక మీద అతను తప్ప ఇంకెవరూ లేరు. వాయిద్యాలన్నీ ట్రాక్‌లోనే. ఓ పెద్దాయన పల్లవి ఇంకోసారి పాడమని చెయ్యి ఊపారు. పాపం ఆ కుర్రాడికీ పాడాలనే ఉంది, కానీ ట్రాక్ చరణంలోకి వెళ్లిపోయింది. అది ఎవరికోసమూ ఆగదు కదా. వినేవాళ్ల కోసం ఆగే సంగీతం ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందా అని ఆ తర్వాత వెతుక్కుంటూ తిరిగాను. దొరికింది, అదీ టికెట్ లేకుండా.

ముందు బస సంగతి చెప్పాలి. హైవే పక్క హోటళ్లలో గదులు బాగుంటాయి, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది. కానీ పాటల కోసం వెళ్లేవాళ్లకు అవి పనికిరావు. రాత్రి పదిన్నర తర్వాత యాప్‌లో బండి దొరకలేదు, దొరికిన ఆటోవాళ్లు చెప్పే రేటుకు బేరం చేసే ఓపిక ఉండదు. మర్నాడే ట్రంక్ రోడ్డు దగ్గరి ఒక మామూలు లాడ్జికి మారాను. గది చిన్నది, లిఫ్ట్ ఉన్నా పనిచేయలేదు, వేడినీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. అయినా గాంధీబొమ్మ సెంటర్, పురమందిరం, రంగనాయకులపేట అన్నీ ఆటోలో దగ్గరే. రాత్రి ఎంత ఆలస్యమైనా తలుపు తీసి, "భోంచేశావా అబ్బయ్యా?" అని అడిగే వాచ్‌మన్ తాత ఉన్నాడక్కడ. నా ఓటు ఆ లాడ్జికే.

నేను వెళ్లిన సమయానికి తల్పగిరి రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. ఫాల్గుణ మాసంలో పెన్న ఒడ్డున ఉన్న ఈ గుడికి సాయంత్రం వెళ్తే వాహనసేవ, దాని ముందు మేళం. నేను వాహనం కన్నా ముందే వెళ్లి మేళం వాళ్ల పక్కన చేరాను. డోలు వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు గట్టిపడిన తొడుగులు ఒక్కొక్కటే ఎక్కించుకుంటున్నాడు. గుడ్డను పిండిజిగురుతో చుట్టి ఆరబెట్టి చేసుకుంటారట వాటిని. ఎడమ చేతికి కర్ర. నాదస్వరం ఆయన దగ్గర దారానికి గుచ్చిన పీకలు గుత్తిగా వేలాడుతున్నాయి. నాదస్వరానికి ఊదే చోట పెట్టే రెల్లు ముక్కలవి. ఒకటి తీసి నోట్లో తడిపి ఊది చూశాడు, నచ్చలేదు. ఇంకోటి తీశాడు. అలా నాలుగైదు మార్చాక ఒకదాని దగ్గర ఆగి, కళ్లతోనే డోలు ఆయనకు సైగ చేశాడు.

వాహనం కదిలాక మామూలు కీర్తనలే వాయించారు. అసలు సంగతి మలుపు దగ్గర. కరెంటు తీగలు అడ్డం రావడంతో వాహనం ఆగింది. వాటిని కర్రలతో పైకెత్తే పనిలో జనం ఉన్నారు. మేళం వాళ్లకు ఖాళీ దొరికింది. నాదస్వరం ఆయన కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. తొందర లేదు. ఒక స్వరం మీద నిలబడి, ఊపిరి చివరిదాకా లాగి, కిందికి దిగి మళ్లీ అక్కడికే వచ్చాడు. శ్రుతి పట్టేవాడు కళ్లు మూసుకున్నాడు. అరుగు మీద కూర్చున్న ఒకావిడ "ఆహా!" అంటే, ఆయన అదే స్వరాల వరసను ఆవిడ వైపు తిరిగి ఇంకో రకంగా వాయించాడు. తీగలు లేచాయి, వాహనం కదిలింది, రాగం ముగింపుకొచ్చింది. తర్వాత డోలు ఆయనను అడిగాను, ఎంతసేపు వాయించాలో ముందే అనుకుంటారా అని. "వాహనం ఆగినంతసేపూ మాదే అన్నా. కదిలిందంటే మేమూ కదలాల్సిందే" అన్నాడు.

ఇలాంటి సంగీతానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ పుట్టిల్లని గుర్తు చేసుకోవాలి. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శిష్యులకు విద్య నేర్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. 2021లో పద్మశ్రీ ప్రకటించిన కాలీషాబీ, షేక్ మహబూబ్ సుబానీ దంపతులు ఆయన శిష్యులే. సుబానీ ప్రకాశం జిల్లా మనిషి. ముస్లిం కుటుంబాల వాళ్లు తరతరాలుగా గుళ్లలో మంగళవాద్యం వాయించడం ఇక్కడ విడ్డూరమేమీ కాదు. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఒంగోలు పేరు చెప్పగానే ఎడ్లతో పాటు నాదస్వరం కూడా గుర్తుకు రావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సినిమా పాటలు ఇష్టమైనవాళ్లు పురమందిరం, కస్తూర్బా కళాక్షేత్రాల్లో కార్యక్రమాలు ఏమున్నాయో అడిగి తెలుసుకోవాలి. గోడల మీద, సెంటర్లలో ఫ్లెక్సీలు చూస్తే చాలు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తన మనిషేనని నెల్లూరు అనుకుంటుంది. తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని ఆయన 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆయన పోయాక, ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. ఆ తేదీకో, ఆయన పుట్టినరోజు జూన్ 4కో అటూఇటూగా వెళ్తే పాటల కార్యక్రమం దొరికే అవకాశం ఎక్కువ.

నేను చూసింది ఒక స్థానిక సంస్థ పెట్టిన ఆర్కెస్ట్రా కార్యక్రమం. ఆరు గంటలకని వేశారు. శాలువాలు, సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఏడున్నర దాటింది. మైకు వాళ్లు గొంతు పెంచి తబలాను ముంచేశారు. అయినా కూర్చోండి. కీబోర్డు, తబలా, ప్యాడ్స్, వేణువు అన్నీ మనుషులే వాయించారు. ఒక యుగళగీతంలో ఆడపిల్ల చరణం ఎత్తుకోవడం ఆలస్యమైతే తబలా ఆయన ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, అదనంగా వాయించి, నవ్వుతూ ఆమెకు దారి ఇచ్చాడు. హాల్లో సగం మందికి అది తెలియనే తెలియదు. నాకు ఆ రాత్రంతటికీ ఆ ఒక్క ఆవర్తం చాలు.

కసుమూరు దర్గాకు మాత్రం టైమ్ పెట్టుకుని వెళ్లండి. వెంకటాచలం మండలంలో ఉంది. వెళ్లేటప్పుడు బస్సు ఫర్వాలేదు, రాత్రి తిరుగు ప్రయాణానికి ఆటోను ముందే మాట్లాడుకోవాలి. నేను వెళ్లిన రాత్రి ఆవరణలో ఖవ్వాలీ జరిగింది. హార్మోనియం, ఢోలక్, చప్పట్లు, అంతే. పాట ఉర్దూలో, మధ్యలో తెలుగు మాటలు. వింటున్నవాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లే ఎక్కువ. ముందు వరసలో ఒకామెకు కన్నీళ్లు ఆగడం లేదు. పాడే ఆయన అది గమనించి, అదే పాదాన్ని పట్టుకుని ఆమె తేరుకునేదాకా తిప్పి తిప్పి పాడాడు. నేల మీద పరుచుకోవడానికి దుప్పటి, మంచినీళ్లు తీసుకెళ్లండి. ఫోటోలు తీయాలంటే ముందు అడగండి.

రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు వెళ్లేవాళ్లు గది బుక్ చేసుకోకుండా బయల్దేరొద్దు. మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు జనం విపరీతంగా వస్తారు. సంగీతం తీరిగ్గా వినాలనుకుంటే నేనైతే ఫాల్గుణమే ఎంచుకుంటాను. విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒంగోలు, నెల్లూరు రెండూ దారిలోనే. తిండికి ఇబ్బంది లేదు. రాత్రి కచేరీ అయ్యాక బండి మీద కారం దోసె తినండి, పులుసు మధ్యాహ్నానికి ఉంచుకోండి.

మేళం వాళ్లకు గుడి నుంచి వచ్చేది ఎంతో నేను అడగలేదు. పెళ్లిళ్లే తమకు ఆధారమని, ఇప్పుడు అక్కడా డీజేలే పెడుతున్నారని డోలు ఆయన చెప్పాడు. వాళ్ల నంబరు తీసుకున్నాను. మా చెల్లెలి పెళ్లికి బ్యాండు వద్దు, నెల్లూరు నుంచి మేళం వస్తుందని ఇంట్లో చెప్పేశాను. రానుపోను ఛార్జీలు, బస, భోజనం మనవే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు: మేం వాయిస్తున్నప్పుడు స్పీకర్లు ఆపిస్తారు కదా అన్నా, అని. ఆపిస్తానని మాటిచ్చాను.