ఆరేళ్ళుగా ఒంటి చక్రం బండి, లెక్కలేనన్ని పంక్చర్లు: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

పొదలకూరు దగ్గర మాకు రెండెకరాల నిమ్మతోట ఉంది. 2019లో ఎరువు మోయడానికని ఒంటి చక్రం తోపుడు బండి కొన్నాను, అదే, మేస్త్రీలు ఇసుకా కంకరా మోసేది, కొట్లో వీల్‌బారో అంటే ఇస్తారు. రేకు తొట్టికి ఇప్పటికీ ఢోకా లేదు, పిడులు కూడా గట్టిగానే ఉన్నాయి. నన్ను ఏడిపించిందల్లా ముందున్న ఆ ఒక్క టైరే.

నిమ్మతోట ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొమ్మలు కత్తిరించిన పది రోజులకి కింద పడ్డ ముళ్ళు ఎండి సూదుల్లా తయారవుతాయి. గట్ల మీద పల్లేరు కాయలు, అది ఎలా పడ్డా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. కంచె వైపు పోతే సర్కారు తుమ్మ. మొదటి ఏడాది చక్రం విప్పడం, బైకు మీద పెట్టుకుని పంక్చర్ షాపుకి పోవడం, వచ్చి బిగించడం, ఇదే పని. మా నాన్నయితే "గంపతో మోసినన్నాళ్ళూ మాకు గాలి అయిపోలేదురా" అని ఒకటే ఎగతాళి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకసారి వారంలో మూడు పంక్చర్లు పడ్డాయి, మూడూ ట్యూబులో దాదాపు ఒకేచోట. షాపతను ట్యూబుకి ప్యాచ్ వేసి పంపుతున్నాడు కానీ టైరులో విరిగి ఉండిపోయిన ముల్లు మొనని ఎవరూ తీయలేదు. వేలితో తడిమితే తగలదు, తగిలితే వేలికే గుచ్చుకుంటుంది. పాత నూలు గుడ్డ తీసుకుని టైరు లోపల చుట్టూ తుడవండి, ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. ఆ రోజు ఐదు తీశాను.

ఆ తర్వాత ప్యాచ్‌లు ఇంట్లోనే వేసుకోవడం మొదలుపెట్టాను. నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూడటం, గరుకు కాగితంతో రుద్దటం, సొల్యూషన్ రాసి అది తడారేదాకా ఆగటం, అంతే. ఆగకుండా తడి మీద అంటిస్తే ఊడిపోతుంది, నేను రెండుసార్లు ఊడగొట్టుకున్నాను. మా బండి రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో బిగించి ఉంటుంది, కాబట్టి టైరు లివర్లతో కుస్తీ లేదు. కానీ గాలి పూర్తిగా తీసేశాకే ఆ బోల్టులు విప్పాలి, గాలి ఉండగా విప్పితే రిమ్ము ముక్కలు ఎగిరి ముఖానికి తగులుతాయి, ఇది మాత్రం తమాషా కాదు.

ఇంకో మంచి విషయం, మా దాని సైజు 4.00-8. పాతకాలం మూడు చక్రాల ఆటోలకి వచ్చేదీ ఇదే సైజు, అందుకని ట్యూబు ఆటో విడిభాగాల కొట్లో దొరుకుతుంది. అన్ని బండ్లకీ ఇదే ఉండదు, టైరు పక్కన అంకెలు చూసుకుని అడగండి.

మూడో ఏడు సీలెంట్ పోయించాను, ట్యూబులో పోస్తే చిల్లుని లోపల్నుంచి తనే మూసుకునే జిగురు. పల్లేరు ముళ్ళ వరకు నిజంగా బాగా ఆపింది, ఆరు నెలలు హాయిగా ఉన్నాను. వేసవిలో బండి ఎండలోనే ఉండిపోయింది, ఆ తర్వాత జిగురు లోపల గట్టిపడి ఒక ముద్దలా చేరింది, చక్రం తిరిగేటప్పుడు ఎగిరెగిరి పడేది. పైగా పెద్ద ముల్లు దిగినప్పుడు ప్యాచ్ వేద్దామంటే ఆ తడికి ప్యాచ్ అంటుకోదు. ట్యూబు పారేయాల్సి వచ్చింది. తక్కువ వాడేవాళ్ళకి పర్లేదు, నేనైతే మళ్ళీ కొనను.

తర్వాత విసుగొచ్చి గాలి అక్కర్లేని సాలిడ్ రబ్బరు చక్రం వేశాను. పంక్చర్ అనే మాటే లేదు, నిజమే. కానీ పాదులకి నీళ్ళు పెట్టిన మర్నాడు పేడ ఎరువు నింపుకుని పోతే నేలలోకి దిగబడిపోయింది, ఇద్దరం పట్టి లాగాం. గాలి టైరు మెత్తటి నేలలో కాస్త పరుచుకుని మోస్తుంది, ఇది కత్తిలా కోసుకుంటూ పోతుంది. రాయి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా మోచేతులకి, ఏడాదిలోనే ఇరుసు బుష్ అరిగిపోయింది, తొట్టి బోల్టులు నెలనెలా బిగించుకోవాల్సి వచ్చింది.

టెక్సాస్‌లో మా చెల్లెలు నాలుగు చక్రాల గార్డెన్ కార్ట్ వాడుతుంది. అక్కడా ఇవే పల్లేరు కాయలు, గోట్‌హెడ్ అంటారట. తను నురగ నింపిన పాలీయురేతేన్ చక్రాలు వేయించుకుంది, తేలికగానే ఉన్నాయి, లాన్ మీదే కాబట్టి సరిపోయాయంటుంది. ఒకసారి మట్టి బస్తాలతో రెండు వారాలు అలాగే వదిలేస్తే కింద భాగం అణిగిపోయిందని మాత్రం చెప్పింది.

రెండేళ్ళ నుంచి నేను వాడుతున్నది మళ్ళీ గాలి ట్యూబే, కాకపోతే లోపల ఒక పొర. పాత బైకు ట్యూబుని వాల్వు దగ్గర తీసేసి నిలువునా కోసి, టైరుకీ ట్యూబుకీ మధ్య పరుస్తాను. చివరలు ఏటవాలుగా కోయాలి, లేకపోతే ఆ అంచే ట్యూబుని రాపిడి పెడుతుంది, కాస్త పౌడరు కూడా చల్లుతాను. బండి కొంచెం బరువెక్కింది, అది పెద్ద తేడా కాదు. ఈ రెండేళ్ళలో మూడే పంక్చర్లు, అందులో ఒకటి నా తప్పే, గాలి తక్కువగా ఉండగా నిండు లోడుతో రాయి ఎక్కించాను, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడ్డాయి. అప్పట్నుంచి ఫుట్ పంపు ఒకటి కొని షెడ్డులో పెట్టాను, బైకు వాల్వే కాబట్టి సరిపోతుంది. టైరు మీద రాసినంతకి గాలి మించనివ్వను. పని అయ్యాక బండి నీడలో తిరగేసి పెడతాను.

సాలిడ్ చక్రం ఇంకా షెడ్డులోనే ఉంది. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రి మొన్న అడిగాడు. అతని పనంతా సిమెంటు నేల మీదే, బుష్‌తో సహా ఇచ్చేస్తున్నా.