పక్కన పరుగెత్తినంతసేపే మెటల్ సోనిక్

నిద్ర పట్టని రాత్రుల్లో నేను ఫోన్‌లో సోనిక్ సీడీ అనే పాత వీడియో గేమ్ తెరుస్తాను. తెరిస్తే నేరుగా స్టార్‌డస్ట్ స్పీడ్‌వే అనే లెవెల్‌కే పోతాను. అక్కడ మెటల్ సోనిక్‌తో ఒక పరుగు పెడతాను. గెలిస్తే పడుకుంటాను, ఓడిపోతే ఇంకోసారి. 2011లో కొత్తగా తయారై వచ్చిన వెర్షన్ కొన్నప్పటి నుంచీ ఇదే వరస. మిగతా గేమ్ నాకు సగం మర్చిపోయినట్టే ఉంటుంది గానీ, ఆ రోడ్డు మీద ఎక్కడ ముళ్లున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: సోనిక్ ఈ గేముల హీరో, వేగంగా పరుగెత్తే నీలం ముళ్లపంది. ఎగ్‌మన్ వాడి శత్రువు. మెటల్ సోనిక్, సోనిక్‌ని చూసి ఎగ్‌మన్ చేసిన ఇనుప నకలు. 1993 నుంచి ఈ నీలం ఇనుప బొమ్మ ఎన్నో గేముల్లో వచ్చి పోయింది. అన్నిట్లోనూ వాడు నాకు నచ్చడు. ఒక్క సందర్భంలో మాత్రం ఇంతకంటే మంచి విలన్ లేడనిపిస్తుంది. వాడు నా పక్కన పరుగెత్తుతున్నప్పుడు.

ఎందుకంటే అక్కడ కొట్టాల్సిన పనే లేదు. ఆ రోజుల్లో సోనిక్ గేముల్లో బాస్, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు, అంటే ఒక లెక్క ఉండేది: ఎగ్‌మన్ ఏదో ఒక యంత్రంలో వస్తాడు, ఎనిమిది దెబ్బలు కొడితే పేలిపోతుంది. మెటల్ దగ్గర ఆ లెక్క లేదు. ఎగ్‌మన్ వాణ్ణి తెచ్చి పక్కన నిలబెడతాడు, పరుగు మొదలవుతుంది. అవతల ఉన్న తలుపు దాకా వాడి కంటే ముందు చేరాలి, అంతే. సోనిక్‌కి తెలిసిన విద్య పరుగు ఒక్కటే. దాంట్లోనే వాడికి పోటీ పెట్టారు. ఇంత చిన్న ఆలోచన ముందు ఎవరికీ ఎందుకు తట్టలేదో అనిపిస్తుంది.

పరుగు ఎలా ఉంటుందంటే, రాత్రి వేళ, ఎత్తైన రోడ్డు. వెనకాల ఎగ్‌మన్ లేజర్ వేసుకుంటూ వస్తుంటాడు, మామూలుగా దెబ్బ తగిలినా దారిలో ఏరుకున్న రింగులు మనల్ని కాపాడతాయి, కానీ అది తగిలితే చేతిలో ఎన్ని రింగులున్నా ప్రాణం పోతుంది. మెటల్ పరుగెత్తడు, నేలకి జానెడు ఎత్తులో తేలుతూ వస్తాడు. ఉన్నట్టుండి ఒళ్లంతా కరెంటు చుట్టుకుంటాడు. లేదంటే వెనక్కి తగ్గి, ఒక్క ఊపున మీదికి దూసుకొస్తాడు. మనం ఎగురుతాం. ఎగిరి దిగేచోట ముళ్లుంటాయి. ముళ్ల మీద పడితే వేగం మొత్తం పోతుంది, మళ్లీ అందుకునేలోపు లేజర్ దగ్గరికొచ్చేస్తుంది. చివరికి తలుపు కనిపిస్తుంది. మనం ముందు దూరితే వెనకాలే మూసుకుపోతుంది, వాడొచ్చి దానికి గుద్దుకుంటాడు. ఆ చప్పుడు కోసమే నేను రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. లోపల సోనిక్ కాపాడాల్సిన ఎమీ రోజ్ ఉంటుంది. (ఆ పేరు తెలుగులో రాయడం పెద్ద చిక్కు. కొంచెం దీర్ఘం తీస్తే "ఏమీ" అయిపోయి, లోపల ఏమీ లేదన్నట్టు వస్తుంది.)

ఇంకో సంగతి. ఈ గేమ్‌లో మెటల్‌ని మనం పరుగు కంటే ముందే చూస్తాం. ఇందులో లెవెల్ మధ్యలోనే కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లొచ్చు. గతంలోకి వెళ్తే ఒక మూల చిన్న యంత్రం కనిపిస్తుంది, అందులోంచి మెటల్ బొమ్మ వెలుగులా పడుతూ అక్కడి చిన్న జంతువుల్ని ఏడిపిస్తుంటుంది. ఆ యంత్రాన్ని పగలగొట్టకపోయినా ఆట సాగిపోతుంది. నేను చాలాకాలం దాని పక్కనుంచే వెళ్లిపోయాను, అదేదో అలంకారం అనుకుని. ఒకరోజు ఆగి చూశాను. ఎవరూ చూడని మూలలో కూడా ఎవరినో భయపెట్టడానికి వాడి నీడని పెట్టి వెళ్లారు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఒక పాత్ర ఇంత చెప్పగలదా అనిపించింది. అప్పటి నుంచి ఎంత తొందరలో ఉన్నా పగలగొట్టే వెళ్తాను.

సరే, ఇప్పుడు కోపం సంగతి.

2003 చివర్లో సోనిక్ హీరోస్ వచ్చింది. నా చేతికి ఇంకొన్నాళ్లకి వచ్చింది. అసలు విలన్ మెటలే అని ఒక ఫ్రెండ్ నోరు జారాడు. చెడగొట్టేశాడని తిట్టాను గానీ, లోపల మాత్రం పండగే. మళ్లీ పరుగు ఉంటుంది, ఈసారి త్రీడీలో. ఆ ఆశతోనే మొదలుపెట్టాను.

అక్కడికి చేరడం తేలిక కాదు. నాలుగు జట్లు, నాలుగు కథలు, అన్నీ పూర్తి చెయ్యాలి. ప్రతి జట్టూ ఇంచుమించు అవే లెవెల్స్ తిరుగుతుంది. వాటికి తోడు ఏడు ఎమరాల్డులూ, అంటే మాయ రత్నాలు, చేతిలో ఉండాలి. ఎమరాల్డ్ కావాలంటే లెవెల్లో ఒక తాళంచెవి దొరకబుచ్చుకుని, దాన్ని చివరిదాకా మొయ్యాలి. మధ్యలో ఒక్క దెబ్బ తగిలిందా, తాళంచెవి పోతుంది. అదీ ప్రతి జోన్‌లో రెండో లెవెల్లోనే ఎమరాల్డ్, మొదటి దాంట్లో కాదు. ఈ సంగతి తెలియక మొదటి లెవెల్స్‌లో నేను మోసుకెళ్లిన తాళంచెవుల లెక్క చెప్తే నవ్వుతారు. కయోటిక్స్ జట్టుతో దెయ్యాల మేడలో దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతూ తిరుగుతుంటే, ఒక్క దీపం ఎక్కడో మిగిలిపోతుంది. ఆ ఒక్కదాని కోసం మేడంతా మళ్లీ తిరగాలి.

మూడు జట్లు అయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా, ఆడినదంతా దాచుకునే మెమరీ కార్డ్ చచ్చిపోయింది. ఏ కంపెనీదో చెప్పను, చవకగా వస్తోందని కొన్నది నేనే. కన్సోల్‌లో పెడితే ఖాళీ అని చూపిస్తుంది. తీసి, ఊదాను. చొక్కా అంచుతో తుడిచాను. ఇంకో స్లాట్‌లో పెట్టాను. ఖాళీ. ఆ రాత్రి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు వారాలు గేమ్ ముట్టుకోలేదు. తర్వాత కొత్త కార్డ్ కొని మళ్లీ మొదటి నుంచి, మళ్లీ అవే దీపాలు.

చివరికి చేరాను. కథ బాగానే ఉందని ఒప్పుకోవాలి. ఇంతసేపూ మనం తరుముతున్నది ఎగ్‌మన్ కాదు, ఎగ్‌మన్ వేషంలో ఉన్న మెటల్. అసలు ఎగ్‌మన్‌ని బంధించి పెట్టాడు, కయోటిక్స్‌కి రహస్యంగా పని అప్పగించింది ఆ బందీయే. ఈ మలుపు తెలిసినా నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడు మెటల్ నోరు విప్పాడు.

అక్కడ పడింది దెబ్బ. పదేళ్లు మౌనంగా ఉన్నవాడు మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు. నేనే అసలైన సోనిక్‌ని, నువ్వు నకలు అన్న ధోరణిలో ఉపన్యాసం. సీడీలో ఒక్క చూపుతో చెప్పిన విషయాన్ని ఇక్కడ మాటల్లో పోశారు. ఆ తర్వాత పరుగైనా పెడతాడా అంటే, పెట్టడు. ముందు ఒక భారీ రాక్షసుడవుతాడు, మూడు జట్లు వంతులవారీగా వాణ్ణి కొట్టాలి. తర్వాత ఇంకా పెద్ద మెటల్ ఓవర్‌లార్డ్, రెక్కలు, తోక, అన్నీ ఉంటాయి. సూపర్ సోనిక్ జట్టు గాల్లో ఎగురుతూ కొట్టాలి. వాడు మనవాళ్లని స్ఫటికాల్లో బిగించేస్తాడు, విడిపించాలి, మళ్లీ కొట్టాలి, ఈలోపు రింగులు కరిగిపోతుంటాయి. చూడటానికి దీపావళే. కానీ ఆ ముద్ద ఎవరైతేనేం? దాని మీద ఏ విలన్ పేరు రాసినా సరిపోతుంది. సోనిక్ ఆకారంలో ఉండటమే వాడి బలం, ఆ ఆకారాన్నే తీసేశారు.

నా కోపంలో సగం ఆ మెమరీ కార్డ్‌ది అయ్యుండొచ్చు. ఒక్కసారిలోనే అక్కడికి చేరి ఉంటే, బహుశా చప్పట్లు కొట్టేవాణ్ణేమో. ఓవర్‌లార్డ్ పోరాటం అంటే ప్రాణం పెట్టేవాళ్లు నాకు తెలుసు, వాళ్ల అభిరుచిని తప్పుపట్టను.

ఇక సీడీ పరుగు గురించి పైన నేను పొగిడినదాంట్లోంచి కొంత వెనక్కి తీసుకోవాలి. దీనికి కారణం మా అన్నయ్య కొడుకు, పదేళ్లవాడు. నేను ఆడుతుంటే భుజం మీదుగా చూస్తూ అన్నాడు: "బాబాయ్, నువ్వు వాణ్ణే చూస్తావేంటి? వాడు నిన్నేం చెయ్యట్లేదుగా. వెనకాల వచ్చేదాన్ని చూడు."

నీకేం తెలుసురా అన్నాను. వాడు పడుకున్నాక కూర్చుని లెక్కపెట్టాను. ఆ రాత్రి 12 సార్లు చచ్చాను. 11 సార్లు లేజర్ వల్లే. మెటల్ తగిలితే రింగులు చెదిరిపోతాయి, ఒక్కటి ఏరుకున్నా మళ్లీ బతికే ఉంటాం. దారి పొడుగునా రింగులున్నాయి కూడా. అంటే ఇన్నేళ్లుగా నేను మెటల్‌తో పోటీ పడ్డానని అనుకుంటూ, ఎగ్‌మన్ లేజర్ నుంచి పారిపోతున్నాను. మెటల్ పని నన్ను కొట్టడం కాదు, నా చూపు వాడి మీదే ఉంచడం. వాణ్ణి తప్పించుకోబోయి ఎగురుతాను, ముళ్ల మీద పడతాను, ఆగిపోతాను. నిజానికి ఇది రేసు అనడానికి లేదు. ఇది తెలిశాక పరుగు చప్పబడుతుందేమో అనుకున్నాను. చప్పబడలేదు గానీ, మునుపటిలా లేదు. ఇప్పుడు మెటల్ పక్కకొస్తే ఎగరను. తగలనిస్తాను, రెండు రింగులు ఏరుకుంటాను, ముందుకు పోతాను. గెలుపులు పెరిగాయి. గుండె కొట్టుకోవడం తగ్గింది.

ఫోన్ గురించి కూడా ఒక మాట. 2011 వెర్షన్‌లో తెర వెడల్పుగా ఉంటుంది కాబట్టి ముందున్న ముళ్లు కాస్త ముందే కనిపిస్తాయి, అది వరమే. కానీ నా బొటనవేలు ఆ వరాన్ని మింగేస్తుంది. జంప్ బటన్ మీద పెట్టిన వేలు కింద సరిగ్గా ముళ్లుంటాయి. కంట్రోలర్ ఉంటే అదే వాడండి. సంగీతం రెండు రకాలూ ఉన్నాయి, జపాన్‌ది, అమెరికాది. నేను జపాన్‌దే పెడతాను. మెటల్ పరుగుకి ఆ బ్యాడ్ ఫ్యూచర్ పాటే, అంటే భవిష్యత్తు చెడిపోయినప్పుడు వచ్చే పాటే, సరిపోతుంది. దానికోసం మంచి పనులు చెయ్యకుండా, గతంలోని రోబో యంత్రాల్ని కావాలనే వదిలేసి వెళ్లిన రోజులున్నాయి. అన్నీ బాగుచేసుకుంటూ పోతే భవిష్యత్తు బాగుంటుంది, పాట కూడా మెత్తబడుతుంది, టెన్షన్ పోతుంది.

మిగతా గేముల గురించి క్లుప్తంగా. 2011లోనే వచ్చిన జెనరేషన్స్‌లో అదే స్టార్‌డస్ట్ స్పీడ్‌వే మీద మళ్లీ ఎదురవుతాడు. చూడముచ్చటగా ఉంది, కానీ అక్కడ కొట్టాలి. 2012 నాటి సోనిక్ 4 రెండో ఎపిసోడ్‌లో వాడితోనే ఆడే చిన్న భాగం ఉంది, మొదటి ఎపిసోడ్ కూడా మన దగ్గరుంటేనే తెరుచుకుంటుంది. సీడీలో ఓడిపోయి పడి ఉన్నచోట నుంచి వాడు లేవడంతో మొదలవుతుంది, ఆ ఒక్క దృశ్యం కోసం ఆడొచ్చు. 2017 నాటి మేనియా పరుగుని గౌరవంగా గుర్తుచేసింది, మరుసటి ఏడాది దాని పెంచిన వెర్షన్ మేనియా ప్లస్‌లో మళ్లీ పెద్ద రాక్షసుణ్ణి చేసేసింది. కాళ్లున్నవాణ్ణి కాళ్ల మీద ఉండనివ్వరేంటో. సోనిక్ అడ్వెంచర్ డీఎక్స్‌లో 130 ఎంబ్లెమ్స్ (ఆటలో గెలుచుకునే చిహ్నాలు) సంపాదిస్తే మెటల్‌గా ఆడనిస్తారు. నేను సగంలోనే మానేశాను. మెమరీ కార్డుల మీద నాకు నమ్మకం పోయింది మరి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మెటల్ కోసం ఏది కొనాలి అంటే, నా సమాధానం సీడీ. కానీ నాకు ఆ పరుగు అలవాటు, నిద్రమాత్రతో సమానం. రెండు నిమిషాల పని కోసం గేమ్ కొనడం మీకు వింతగా అనిపిస్తే మేనియాతో మొదలుపెట్టండి, దాంట్లో మిగతా గేమ్ కూడా బాగుంటుంది. కథలు, డైలాగులు ఇష్టమైతే హీరోస్‌కి వెళ్లండి, మంచి మెమరీ కార్డ్ పెట్టుకుని.

మొన్న సెలవులకి అన్నయ్య కొడుకు మళ్లీ వచ్చాడు. ఫోన్ వాడికిచ్చాను. పరుగులో తలుపు దాకా ముందే వచ్చి, కావాలని ఆగిపోయాడు. మెటల్ పక్కనుంచి జారిపోయి లోపలికి దూరాడు, తలుపు మూసుకుంది. వెనక లేజర్ వచ్చేస్తోంది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అలా నిలబడి వాడు గెలవడం చూడలేదు.

"లోపల ఏం చేస్తున్నాడు బాబాయ్?" అన్నాడు.

తెలీదన్నాను. వాడు మళ్లీ మొదలుపెట్టాడు.